ఆ చీటీగుడ్డ అద్దినదెవరు?

బందరువాడికి డచ్చి భాష రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చేత పేకముక్క పట్టిన ప్రతివాడికీ మూడు డచ్చి మాటలైనా వచ్చి తీరతాయి. మనం కళావరు అంటున్నది వారి ‘క్లావర్’. ఆఠీను అంటున్నది వారి ‘హార్టెన్’. తురుఫు అంటున్నది వారి ‘త్రూఫ్’. పేకాట దాకా ఎందుకు, మన పాత ఇళ్ళలో పెరటి చివర ఉండే కక్కసు కూడా వారి ‘కక్‌హుయిస్’ నుంచే వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. ఒక జాతి మన తీరాన రెండు వందల ఇరవై ఏళ్ళు మసలి వెళ్ళిపోతే, చివరికి మన నాలుక మీద మిగిలినవి పేకముక్కలూ మరుగుదొడ్డీ! నవ్వు వస్తుంది గాని, ఆ నవ్వు వెనుక ఒక లోటు ఉన్నది. ఆ లోటును గురించే ఈ నాలుగు మాటలు.

బందరులో ఇంగ్లీషుపాలెం ఉన్నది, ఫ్రెంచిపేట ఉన్నది, వలందపాలెం ఉన్నది. మొదటి రెండు పేర్లూ ఎవరికైనా అర్థమవుతాయి. మూడవది మాత్రం నా చిన్నతనంలో నాకు అర్థమయ్యేది కాదు. మంగినపూడి వైపునుంచి బందరు బడికి వచ్చే పిల్లవాడిని నేను. వలందులంటే ఎవరని మా తాతయ్యను అడిగితే, “హాలండు వాళ్ళురా, సమాధుల దొడ్డి వాళ్ళదే” అన్నాడు. హాలండు మన నోట వలందు అయింది. నరసాపురంలో గోదావరి ఒడ్డున ఉన్న వలంధర రేవుదీ ఇదే పుట్టుక. ఆ సమాధుల దొడ్డిని తర్వాత చాలాసార్లు చూశాను. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలమది. పలకల మీద వంశచిహ్నాలు, వాటి కింద ఉబ్బెత్తు అక్షరాలతో చెక్కిన డచ్చి వాక్యాలు. అక్షరాలు మనకు తెలిసినవే, భాష తెలియదు. వేలితో తడిమి, అంకెలు మాత్రం చదువుకొని తిరిగి వచ్చేవాణ్ణి.

ఆ అంకెలు పదిహేడవ శతాబ్దానివి. 1605లో ‘డెల్ఫ్ట్’ అనే ఓడలో డచ్చివారు తొలిసారి బందరు రేవుకు వచ్చారు. 1606లో గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షాతో ఒడంబడిక చేసుకొని బందరులోనూ, నిజాంపట్నంలోనూ వర్తకపు గిడ్డంగులు పెట్టుకొన్నారు. ఇంగ్లీషువారు ఆ రేవుకు వచ్చింది 1611లో, అంటే అయిదారేళ్ళు ఆలస్యంగా. తర్వాత పులికాట్, పాలకొల్లు, భీమునిపట్నం, కాకినాడ పక్కన జగన్నాథపురం, తీరానికి దూరంగా ఖమ్మం సీమలో నాగులవంచ దాకా వారి గిడ్డంగులు లేచాయి. 1686లో గోల్కొండ దర్బారుతో తగవు పడి బందరు పట్టణాన్నే కొన్ని నెలలపాటు ఆక్రమించుకొన్నారు కూడా. ఆ మరుసటి సంవత్సరమే గోల్కొండ ఔరంగజేబు వశమయింది. 1824 నాటి ఆంగ్ల–డచ్చి సంధి ప్రకారం మిగిలిన ఠాణాలను ఇంగ్లీషువారికి అప్పగించి 1825లో ఈ తీరాన్ని విడిచి వెళ్ళారు.

ఇంత దూరం వచ్చి వారు కొన్నదేమిటి? గుడ్డ. మసాలా దినుసులు పండే తూర్పు దీవులలో వెండికన్నా మన తీరపు బట్టకే గిరాకీ ఎక్కువ. జాజికాయ, లవంగం కొనాలంటే ముందు కోరమాండల్ బట్ట చేత ఉండాలి. అందుకే 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి కోరమాండల్ తీరాన్ని మసాలా దీవులకు ఎడమ చెయ్యి అని వర్ణించాడు. బందరు చరిత్ర అని మనం గొప్పగా చెప్పుకొనేదంతా మగ్గాల మీదా, అద్దకపు బల్లల మీదా నిలిచిన చరిత్ర అన్నమాట.

ఈ సంగతులన్నీ పుస్తకాలలో చదివినవే. అవి నాకు మనసుకు పట్టింది మాత్రం హాలండు వెళ్ళాకే. ఉద్యోగరీత్యా కొంతకాలం ఆ దేశంలో ఉండవలసి వచ్చినప్పుడు, పెద్ద నగరాలను పక్కన పెట్టి చిన్న ఊళ్ళు తిరగడం అలవాటు చేసుకొన్నాను. డచ్చి కంపెనీకి ఆరు శాఖలు ఉండేవి. ఆమ్‌స్టర్‌డామ్, మిడిల్‌బర్గ్, డెల్ఫ్ట్, రాటర్‌డామ్, హోర్న్, ఎంక్‌హుయిజెన్. వీటిలో చివరి రెండూ ఇప్పుడు చిన్న ఊళ్ళే. ఒకనాడు తూర్పు దేశాలకు ఓడలు పంపిన ఊళ్ళు, వర్తకం తరలిపోయాక చిన్నబోయి కూర్చున్నాయి. ఎంక్‌హుయిజెన్ రేవుగట్టున నిలబడితే నాకు బందరు కోట గుర్తుకు వచ్చింది. కాలం కలిసిరాని రేవు ఎక్కడున్నా ఒకేలా ఉంటుంది కాబోలు.

అలా తిరుగుతూ ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ సీమలోని హిందెలోపెన్ అనే ఊరికి వెళ్ళాను. చిన్న రైలు స్టేషన్‌లో దిగి, పచ్చికబీళ్ళ మధ్యగా నడిస్తే ఊరు వస్తుంది. జనాభా వెయ్యికి లోపు. 1225లోనే పట్టణ హోదా పొందిన ఊరట. సన్నని కాలవలు, కొయ్య వంతెనలు, కాస్త పక్కకు ఒరిగిన చర్చి గోపురం. రేవులో తూముకాపరి ఇంటి పంచన ఒక బల్ల ఉన్నది. దాని పేరు ‘అబద్ధాల బల్ల’. ముసలి నావికులు చేరి తమ యాత్రల గొప్పలు చెప్పుకొనేవారట. మన రచ్చబండే! ఆ ఊరికి తనదైన మాండలికం ఉన్నది. కొద్ది వందలమంది మాత్రమే మాట్లాడే ఆ మాటను వారు ఇప్పటికీ ముద్దుగా కాపాడుకొంటున్నారు.

ఆ ఊరి మ్యూజియం చర్చి పక్కనే ఉన్నది. లోపల అద్దాల వెనుక ఆ ఊరి ఆడవారి సంప్రదాయ దుస్తులు. చూడగానే కాళ్ళు నిలిచిపోయాయి. తీగలు, మొగ్గలు, విచ్చిన పూలు, ముదురు ఎరుపు, నీలం. అది మన అద్దకం. డచ్చి భాషలో దానిని ‘సిట్స్’ అంటారు. మన చీటీగుడ్డే ఆ ‘సిట్స్’! హిందీ ‘ఛీంట్’ నుంచి మనకు చీటీ, ఇంగ్లీషుకు ‘చింట్స్’, డచ్చికి ‘సిట్స్’.

ఎక్కడి ఉత్తర సముద్రపు చలిగాలి, ఎక్కడి కృష్ణ ముఖద్వారపు వేడి! హిందెలోపెన్ మగవారు ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల ఓడలను నార్వేకు, బాల్టిక్ రేవులకు నడిపిన నావికులు. చేతిలో డబ్బు ఆడింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కంపెనీవారు వేలం వేసిన బట్ట వారి ఇళ్ళకు చేరింది. ఫ్రాన్సు 1686లోనే ఈ అద్దకపు బట్టను నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టమూ, 1721లో మరింత కఠినమైన చట్టమూ చేసింది. తమ నేతగాళ్ళ పొట్ట కొడుతున్నదని వారి మొర. హాలండు వర్తక దేశం కాబట్టి అలాంటి నిషేధం పెట్టుకోలేదు. అందువల్లనే ఆ బట్ట డచ్చి చిన్న ఊళ్ళలో వేళ్ళూని, చివరికి వారి సొంత సంప్రదాయమై కూర్చున్నది. హిందెలోపెన్‌లో ఎరుపు శుభానికి గుర్తు. నీలం దుఃఖానికి గుర్తు. ఓడ తిరిగి రాక భర్తను పోగొట్టుకొన్న స్త్రీ నీలి పూల గుడ్డ తొడిగేది.

ఆ ఎరుపు ఎక్కడిది? మన ఇసుక నేలల్లో పెరిగే చిరివేరుది. నిజాంపట్నం ప్రాంతపు చిరివేరుకు ఆనాడు దేశాంతరాలలో పేరు. గుడ్డను ఎండకట్టి తెల్లబరచి, కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెట్టాలి. లేకపోతే రంగు పక్కకు పాకుతుంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన నల్లరంగుతో కలం పట్టి గీతలు గియ్యాలి. ఎరుపు కావలసిన చోట పటికనీరు పూయాలి. చిరివేరు కాగులో ఉడికిస్తే పటిక తగిలిన చోటనే ఎరుపు పడుతుంది. నీలం కావలసిన చోటు వదిలి, మిగిలిన గుడ్డంతా మైనం కప్పి నీలి తొట్టిలో ముంచాలి. మళ్ళీ మైనం కరిగించాలి, మళ్ళీ పారే నీటిలో ఉతకాలి. ఒక్క గుడ్డకు వారాలు పట్టే పని. ఇప్పుడు పెడనలో ఎక్కువగా టేకు అచ్చులతో అద్దుతున్నారు. ఐరోపాకు వెళ్ళిన మేలురకం గుడ్డ చాలావరకు కలంతో గీసినది.

నేను అంతసేపు నిలబడి ఉండడం చూసి, అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తున్న ఒక పెద్దావిడ దగ్గరికి వచ్చారు. ఈ గుడ్డ వచ్చిన తీరం మాదేనని చెప్పాను. ఆమె ముఖం వికసించింది. ఒక్కొక్క ఉడుపు ఏ కుటుంబానిదో, ఆ ఇంటి పెద్ద ఏ ఓడకు అధిపతో వరసపెట్టి చెప్పుకొచ్చారు. మూడు వందల ఏళ్ళ నాటి వారిని ఇరుగుపొరుగు వారిలా పలకరిస్తూ చెప్పారు. చివర నన్నొక ప్రశ్న అడిగారు. “తొడిగినవాళ్ళ పేర్లు మాకు తెలుసు. దీన్ని అద్దినవాళ్ళ పేర్లు మీ ఊళ్ళో ఎవరికైనా తెలుసా?”

నేను తలవంచుకొన్నాను. పేర్లు సరే, ఆ గుడ్డ బందరు చుట్టుపక్కల తయారయిందా, పాలకొల్లు దగ్గరా, పులికాట్ దగ్గరా అన్నది కూడా చెప్పలేకపోయాను. అక్కడి చీటీ మీద ఉన్నది ‘కోరమాండల్ తీరం’ అన్న రెండు మాటలే. వందల మైళ్ళ తీరం, లక్షల చేతులు, రెండే మాటలు.

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. చరిత్ర విషయంలో మనవారిది రెండు రకాల వరస. ఒక వర్గం, “వచ్చారు, దోచుకొన్నారు, పోయారు, వారి సమాధులు మనకెందుకు?” అంటుంది. రెండవ వర్గం, “మా బందరు ఒకనాడు ప్రపంచ ప్రసిద్ధం” అని మీసం మెలేస్తుంది. చూడడానికి ఇవి ఎదురెదురు వాదాలు. నిజానికి రెండింటికీ ఒకే సుగుణం ఉన్నది. ఒక్క కాగితమైనా చదవనక్కర లేకుండానే రెండింటినీ పలకవచ్చు.

చదివితే సంగతి అంత తేలికగా తేలదు. పదిహేడవ శతాబ్దపు కరవు ఏళ్ళలో, తిండిలేక తమను తాము అమ్ముకొన్నవారిని, తల్లిదండ్రులు అమ్ముకొన్న పిల్లలను కోరమాండల్ రేవుల నుంచి, ముఖ్యంగా దక్షిణపు రేవుల నుంచి, కంపెనీ ఓడలు బటావియాకు, ఇతర స్థావరాలకు బానిసలుగా మోసుకుపోయాయి. వేలమంది. ఇది ఆ కంపెనీవారు రాసుకొన్న లెక్కలలోనే ఉన్నది. అదే లెక్కలలో మన వర్తకుల పేర్లూ ఉన్నాయి. పులికాట్‌లో డచ్చివారితో చక్రం తిప్పిన అచ్యుతప్ప, ఆయన తమ్ముడు చిన్నన్న తెలుగు బలిజలు. సొంత ఓడలు నడిపినవారు, సంస్థానాల రాజకీయాలలో వేలు పెట్టినవారు. వీరిని దోపిడికి గురైన అమాయకులనగలమా? ఓడలెక్కిన ఆ పిల్లల ముందు నిలబడి ‘మా స్వర్ణయుగం’ అనగలమా?

హోర్న్ పట్టణం ఈ విషయంలో నాకు గౌరవం కలిగించింది. ఆ ఊరివాడైన యాన్ పీటర్సన్ కూన్ కంపెనీ గవర్నర్ జనరల్. 1621లో జాజికాయ కోసం బందా దీవుల ప్రజలను ఊచకోత కోయించినవాడు. ఊరి నడిబొడ్డున 1893లో నిలిపిన ఆయన విగ్రహం ఇప్పటికీ ఉన్నది. కాని దాని గురించి ఊరు ఊరంతా వాదించుకొన్నది. ఆయన కీర్తితో పాటు ఆ ఘోరాన్ని కూడా ఎత్తిచూపుతూ 2012లో కొత్త ఫలకం పెట్టారు. అది చాలదని అనేవారు ఉన్నారు, అనవసరమని అనేవారూ ఉన్నారు. తమ కాగితాలు తాము చదువుకొన్న ఊరు కనుకనే అలా వాదించుకోగలుగుతున్నది. మనకు వాదించుకోవడానికి కూడా ఆధారం లేదు.

ఆధారం లేకేమి, ఉన్నది. మన దగ్గర లేదు, అంతే. హేగ్ నగరంలోని వారి జాతీయ దస్తావేజుల భవనంలో కంపెనీ కాగితాలు కిలోమీటరు పొడవుకు పైగా అరలలో ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ఆసియా నుంచి ఐరోపాకు వెళ్ళిన ఉత్తరాలు, నివేదికలు సుమారు 50 లక్షల పుటలను ఇటీవల యంత్రం చేత చదివించి, ఎవరైనా వెదుక్కొనేటట్లు అందుబాటులో పెట్టారు. బందరు పేరు కొడితే పుటలకు పుటలు వస్తాయి. 1672 నుంచి సుమారు పదమూడేళ్ళు ఈ తీరాన పనిచేసిన డేనియల్ హావర్ట్ అనే వైద్యుడు కోరమాండల్ ఉత్థాన పతనాల మీద రాసిన పెద్ద గ్రంథం 1693లోనే అచ్చయింది. అది తెలుగులోకి రాలేదు.

ఆ కాగితాలు చదివి మన తీరపు డచ్చి వర్తకం మీద 1962లో పుస్తకం రాసినది తపన్ రాయ్‌చౌధురి, బెంగాలీ. 1986లో ఈ తీరపు వర్తకుల మీద సమగ్రంగా రాసినది సిన్నప్ప అరసరత్నం, సిలోను తమిళుడు. వారికి చేతులెత్తి నమస్కరించాలి. కాని ఒక మాట. చిన్నన్న పేరును డచ్చి గుమాస్తా తన చెవికి వినబడినట్లు రాసుకొన్నాడు. మన నేతకులాల పేర్లు, పల్లెల పేర్లు, రంగుల పేర్లు, తూనికల పేర్లు అలాగే వంకరటింకరగా ఆ పుటలలో నిలిచి ఉన్నాయి. వాటిని చూడగానే “ఇది ఫలానా ఊరు” అని గుర్తుపట్టవలసిన చెవి తెలుగు చెవి. ఎంత గొప్ప పండితుడైనా పరాయి చెవికి అది దుర్లభం.

విగ్రహాలు, ఉత్సవాలు నేను అడగడం లేదు. సమాధులకు సున్నం కొట్టించమనీ అడగడం లేదు. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం బందరులోనే ఉన్నది. అక్కడ ఏటా ఇద్దరు విద్యార్థులకు పాత డచ్చి నేర్పించే ఏర్పాటు చెయ్యాలి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. లైడెన్ విశ్వవిద్యాలయం గతంలో ఆసియా దేశాల విద్యార్థులను పిలిపించి ఆ భాషా, ఆ దస్తూరీ నేర్పి పంపిన అనుభవం ఉన్నది. హావర్ట్ గ్రంథంలో కనీసం మన సీమకు చెందిన భాగాలు తెలుగులోకి రావాలి. వలందపాలెం సమాధుల మీది ప్రతి వాక్యానికీ తెలుగు అర్థం ఆ ప్రక్కనే ఒక పలక మీద ఉండాలి. అక్షరాలను వేలితో తడిమి తిరిగి వెళ్ళే పిల్లవాడికి, అక్కడ పడుకొన్నవాడు ఏ ఊరి నుంచి వచ్చాడో, ఏ వయసులో పోయాడో అయినా తెలియాలి.

“ఇప్పుడు దీనివల్ల ఏమి ఒరుగుతుంది?” అనే మిత్రులున్నారు. పెడన అద్దకపువాడికి గిట్టుబాటు ధర లేదు, చరిత్ర తిండి పెడుతుందా అంటారు. పెట్టదు, నిజమే. అయితే 2017లో ఫ్రీస్‌లాండ్ మ్యూజియం ఈ సిట్స్ గుడ్డల మీదనే ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. అక్కడ పూజలందుకొంటున్న గుడ్డకూ, పెడనలో బేరమాడి కొంటున్న గుడ్డకూ మధ్య ఉన్న బంధుత్వాన్ని కాగితం మీద రుజువు చేసి చూపగలిగినవాడు మనలో ఒక్కడుంటే, ఆ బేరం ఇప్పటిలాగే సాగుతుందని నేను అనుకోను.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరులో సుమారు ముప్ఫై వేలమందిని పొట్టన పెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో మళ్ళీ అదే కథ. ఇళ్ళతో పాటు పెట్టెలూ, పెట్టెలలోని కాగితాలూ, ముడతలు పెట్టి దాచుకొన్న గుడ్డలూ పోయాయి. మన జ్ఞాపకం నీటిపాలైన ఊళ్ళ జ్ఞాపకం. అందుకే పరాయివాడి పెట్టెలో భద్రంగా ఉన్న మన కాగితం మనకు మరీ విలువైనది. హాలండూ ముంపు ఎరిగిన దేశమే. 1953 ఉప్పెనలో అక్కడ 1,836 మంది పోయారు. ఆ బాధ తెలిసినవారు కనుక, అడిగితే కాదనరు.

మంగినపూడి తీరాన ఇసుక ఉండదు, నల్లరేగడి. కార్తిక పౌర్ణమినాడు స్నానానికి వెళ్ళినవారి పాదాలకు ఆ నలుపు అంటుకొని ఇంటిదాకా వస్తుంది. ఆ పక్కనే 2023లో కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. ఒకనాడు ఓడలు దూరాన లంగరు వేసి, పడవల మీద సరుకు దింపుకొన్న సముద్రమే ఇది. రేపు మళ్ళీ ఇక్కడ పరాయి దేశాల ఓడలు ఆగుతాయి, మళ్ళీ సరుకు వెళుతుంది. ఈసారి కూడా కొన్నవారి పేర్లు వారు రాసుకొంటారు. చేసినవారి పేర్లు మనం రాసుకొంటామా?

హిందెలోపెన్ పెద్దావిడకు నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను. ఆ బాకీ నా ఒక్కడిదే కాదని మనవి.